దూపయింది, తాగిన

శాంతి పనికి నేను పనికిరానని మొదట చెప్పింది మా అమ్మే. నన్ను గద్వాలకు మార్చారని, ఊళ్ళలో తగాదా పడ్డవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించే పని అని ఫోన్లో చెబితే మళ్ళీ చెప్పమంది. తర్వాత పకపకా నవ్వింది. "నీకా? కొట్లాట ఆపే నౌకరా? మనింట్ల కొట్లాట పెట్టేదే నువ్వు గదనే" అంది. ఆ మాట మీద కూడా నేను ఆమెతో కొట్లాడాను.

నిజమే, నాకు కోపం ఎక్కువ. తగ్గించుకోమని చాలామంది చెప్పారు. తగ్గించుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.

మాది అమరచింత దగ్గర ఒక పల్లె. సొంత భూమి లేదు. అమ్మానాన్నలు ఏడాదిలో కొన్ని నెలలు పుణె దిక్కు మట్టిపనికి పోయేవాళ్ళు, మిగతా కాలం ఎవరు పిలిస్తే వాళ్ళ చేలోకి. ఎక్కడున్నా ఆదివారం ప్రార్థనకు మాత్రం అమ్మ ఉతికిన చీర కట్టాల్సిందే. నేను నానమ్మ దగ్గర ఉండి చదువుకున్నాను. వనపర్తిలో డిగ్రీ, తర్వాత పాలమూరులో సోషల్ వర్క్ పీజీ. మా వాడలో అంతదాకా చదివిన మొదటి ఆడపిల్లను నేనే కాబట్టి నా చదువు మీద అందరికీ హక్కుంది. ఎవరు కనపడినా సర్కారు నౌకరీకి కోచింగ్ తీసుకొమ్మనేవాళ్ళే. నాన్నయితే కోచింగ్ సెంటర్ల కాగితాలు అంగీ జేబులో పెట్టుకొని తిరిగేవాడు. నేను ఊళ్ళలో పనిచేస్తానంటే ఆయనకు తల కొట్టేసినట్టయింది. "ఎండల తిరగనీకి గింత సదువెందుకు బిడ్డా, మేం తిరుగుతలేమా" అన్నాడు. అప్పటికే సంచి సర్దేసి ఉంది, అది పట్టుకొని బస్సెక్కాను.

ఒక స్వచ్ఛంద సంస్థలో చేరి, మొదటి ఏడాది నాగర్‌కర్నూల్ జిల్లా బల్మూర్ మండలంలో చేశాను. అక్కడ ఒక ఊళ్ళో ఆడవాళ్ళు, హైస్కూలుకు పోయే ఆడపిల్లలకు బస్సు కావాలని అడిగారు. మా సంస్థ వాళ్ళకు కుట్టుమిషన్లు ఇచ్చింది. ఎందుకంటే ఆ ఏడాది మా దగ్గర కుట్టుమిషన్లే ఉన్నాయి. పంపిణీ రోజున, ఫోటోలు తీస్తుండగా, వీళ్ళు అడిగింది ఇది కాదని మైకులో చెప్పాను. మైకు మళ్ళీ నా చేతికి రాలేదు. కొన్ని వారాలకు నన్ను గద్వాలకు మార్చారు, శాంతి, సామరస్యం అనే కొత్త పథకంలోకి. ఆ పనిలో పడితే నా నోరు కాస్త మెత్తబడుతుందని ఎవరో అనుకొని ఉంటారు.

గద్వాలలో ముందు శిక్షణ. హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి గోడకు పెద్ద చార్టు అంటించి చెట్టు బొమ్మ గీశాడు. కొమ్మలు గొడవలట, వేర్లు కారణాలట. రంగు చీటీల మీద రాసి మేం అంటించాలి. వేర్ల దగ్గర నేను 'కులం' అని రాసిన చీటీ పెడితే, ఆయన దాన్ని తీసి 'అపోహలు' అన్న చీటీ పక్కన చేర్చి, రెండూ దగ్గర దగ్గరే కదా అన్నాడు. దగ్గర కాదన్నాను. భోజనాల వేళయిందన్నాడు. మధ్యాహ్నం చెప్పిన పాఠం, మధ్య మనిషికి పక్షం ఉండకూడదని. అందరం తలూపాం, నేను కూడా ఊపాను. ఆ పాఠం ఎంతవరకు పనికొస్తుందో అయిజ దగ్గరి ఒక ఊళ్ళో తేలింది.

ఆ ఊళ్ళో విత్తనపు పత్తి వేస్తారు. మామూలు పత్తిలాగా విత్తి, కలుపు తీసి ఊరుకుంటే కుదరదు. మధ్యాహ్నం పూట మొగ్గలు విప్పి లోపలి పుప్పొడి గిల్లేయాలి. మర్నాడు పొద్దున అవే పూలకు మగపువ్వు తెచ్చి రుద్దాలి. దీన్ని అందరూ క్రాసింగ్ అంటారు. ఎండ ముదరకముందే రుద్దడం అయిపోవాలి. ఆ పూట తప్పితే ఆ పువ్వు పోయినట్టే, మర్నాటికి ఎర్రబడి ముడుచుకుంటుంది. కొన్ని వారాలపాటు ఒక్కరోజు కూడా ఆగడానికి లేని పని. చేసేది దాదాపు అందరూ ఆడవాళ్ళే. దసరా సెలవుల్లో అమ్మ వెంట పోయి నేనూ చేశాను. వేళ్ళు సన్నగా ఉన్నాయని నన్ను మెచ్చుకునేవాళ్ళు.

ఆ చేలల్లో నీళ్ళకు ఒక పద్ధతి ఉంది. గట్టు మీద మూత ఉన్న పెయింటు బకెట్లో నీళ్ళు, మూత మీద స్టీలు గ్లాసు. రైతు ఇంటివాళ్ళు, తక్కిన కూలీలు గ్లాసు ముంచుకొని తాగుతారు. మా వాడల నుంచి వచ్చినవాళ్ళు వంగి దోసిలి పడితే ఎవరో ఒకరు పైనుంచి పోస్తారు. నోటితో ఎవరూ చెప్పరు, బోర్డు రాసి పెట్టరు, అయినా తప్పేవాళ్ళు లేరు. అమ్మ నాకు చిన్నప్పుడే దోసిలి పట్టడం నేర్పింది. చిటికెన వేళ్ళు గట్టిగా ఆనించి, మణికట్లు దగ్గర పెట్టి, చుక్క కారకుండా. బాగా పట్టేదాన్ని. కారలేదు చూడమ్మా అని మురిసిపోయేదాన్ని కూడా. ఆ మురిపెం గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు ఒక కౌలు రైతు చేలో మొగ్గలు గిల్లుతున్నారు. వాడ నుంచి వచ్చిన ఒకామె, నలభై దాటిన మనిషి, గొంతు ఎండిపోయి, దూపకు ఆగలేక గట్టుకు వచ్చింది. నీళ్ళు పోయాల్సిన రైతు తల్లి చేనుకు ఆ చివరన ఉంది. కేకేస్తే వినపడలేదు. ఈమెకు కళ్ళు తిరుగుతున్నాయి. గ్లాసు తీసి, ముంచి, తాగింది. అంతే.

ముసలామె వచ్చి చూసి, ఒక్క మాట అనకుండా బకెట్టును కాలితో ఒరగదోసింది. నీళ్ళన్నీ సాళ్ళలోకి పోయాయి. ఆ ఎండలో మిగతా పూటంతా ముసలామె సొంత కోడలికి కూడా తాగడానికి చుక్క లేదు. ఇంకిపోతున్న నీళ్ళను చూస్తూ అప్పుడు అందట ఈమె: "నేల తాగితే ఏం గాలే. నేను తాగితే అయితదా?"

ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. చాయ హోటల్ దగ్గర రైతు తమ్ముడూ ఆమె మరిదీ తోసుకున్నారు, అంగీలు చినిగాయి. మర్నాటి నుంచి ఆమెను పనికి పిలవడం మానేశారు. ఆ రైతు ఒక్కడే కాదు, ఊళ్ళో విత్తనపు పత్తి వేసినవాళ్ళు ఎవరూ పిలవలేదు. మొగుడు లేని మనిషి, చదువుకునే కూతురుంది, ఏడాది గాసమంతా ఈ కొన్ని వారాల పని మీదే. అందరి ముందూ తప్పయిందని తల వంచితే పని, లేకుంటే లేదు. ఊళ్ళో గొడవగా ఉందని కబురంది మేం వెళ్ళేసరికి సంగతి ఇంతదాకా వచ్చింది.

మా ఆఫీసుకు పెద్ద, మేమంతా సారని పిలిచే మనిషి, శాంతి సమావేశం పెట్టించాడు. పంచాయతీ ఆఫీసు ముందు టెంటు, కుర్చీలు, చాయ. పొద్దున పది గంటలకు. క్రాసింగ్ కాలంలో పొద్దున పది గంటలకు! ఊళ్ళో పనికి పోగలిగిన ప్రతి ఆడమనిషీ ఆ వేళ చేలో పువ్వు రుద్దుతూ ఉంటుంది. సారుకు తెలియదంటే నమ్ముతాను. ఆ కుర్చీల్లో కూర్చున్న మగవాళ్ళందరికీ తెలుసు. ఒకవైపు వాళ్ళ చేలు, ఇంకోవైపు వాళ్ళ పెండ్లాలు, తెలియకేం? ఇక ఖాళీగా ఇంట్లో ఉన్న ఆ ఒక్క మనిషిని, మాట మీద మాట పెరుగుతుందని చెప్పి, అసలు పిలవనే లేదు.

నీళ్ళ దగ్గర మొదలైన గొడవలో నీళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. గ్లాసు సంగతి ఎవరడిగారు, పెద్ద మనిషికి ఎదురు మాట్లాడింది, తప్పల్లా అదే అన్నారు. వాడ పెద్దలు కూడా తలూపారు. వాళ్ళను తప్పు పట్టలేను, పట్టకుండా ఉండనూ లేను. వాళ్ళ ఇళ్ళలోనూ పొయ్యి వెలగాల్సింది ఆ కూలీతోనే. ఆమె వచ్చి తప్పయిందని ఒక్క మాట అంటే సరి అని తేల్చారు. సారు లేచి రెండు దిక్కుల పెద్దలకూ చేతులు కలిపించాడు. ఫోటో దిగారు. అందులో ఒక్క ఆడమనిషి లేదు. నేనున్నాను కదా అంటారేమో, ఆ ఫోటో తీసింది నేను.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో సారు నాకు పని చెప్పాడు. నేను ఆడపిల్లను, అట్లాంటి ఇంటి నుంచే వచ్చినదాన్ని, కాబట్టి ఆమె ఇంటికి పోయి నచ్చజెప్పాలి. ఒక్క మాటే కదా, మాటకు ఏం పోతుంది అన్నాడు. ఏమీ పోకపోతే ఆ ముసలామెనే అనమనండి సార్ అన్నాను. సారు నిట్టూర్చాడు. నాకు ఆవేశం ఎక్కువనీ, ఈ పనిలో న్యూట్రల్‌గా ఉండాలనీ, నెలాఖరుకు నా కాంట్రాక్టు పొడిగించే సంగతి చూడాలనీ, మూడూ ఒకే గొంతుతో చెప్పాడు. చెడ్డవాడు కాదు. ఎవరినీ కసరగా నేను చూడలేదు. మెల్లగా మాట్లాడేవాళ్ళంటే నాకు అప్పటి నుంచే అనుమానం.

మర్నాడు ఆమె ఇంటికి వెళ్ళాను. రేకుల ఇల్లు. గడప దగ్గర కూర్చొని జొన్నలు చెరుగుతోంది. నన్ను చూడగానే, నచ్చజెప్పనీకి వచ్చినవా అని అడిగి నవ్వింది. అబద్ధమాడబుద్ధి కాలేదు. పంపడమైతే అందుకే పంపారు, నేను మాత్రం చెప్పనన్నాను. మరెందుకు వచ్చినట్టని అడిగింది. నాకూ తెలియదు. పక్కన కూర్చున్నాను. చిన్నప్పుడు నేనూ చుక్క కారకుండా దోసిలి పట్టేదాన్నని చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది. తన కూతురికి కూడా తనే అట్లా నేర్పానని చెప్పింది. ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి.

"నేను తల వంచితే అది గూడ వంచాలె గద" అంది. వంచకుండా ఉంటావా అని అడిగాను. తెల్వదు బిడ్డా, పని లేకుంటే దినాలు ఎట్ల ఎల్లాలె అంది. రెండూ నిజమైన మాటలే. నెల జీతం తీసుకునేదాన్ని, ఆమెకు ధైర్యం చెప్పడానికి నేనెవర్ని?

బస్సులో కూర్చొని అమ్మకు ఫోన్ చేశాను. నాకెందుకు నేర్పినవ్ అట్ల తాగుడు అని గట్టిగా అడిగాను, పక్క సీట్లోవాళ్ళు తిరిగి చూశారు. అమ్మ ఈసారి నవ్వలేదు. "దూపకు సావొద్దని నేర్పిన. నాకు గంతే తెల్సు అప్పుడు" అంది. ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగి ఏడ్చాను, దాచిపెట్టడానికేం లేదు. అయిజ స్టాండులో దిగి, గద్వాల బస్సు ఎక్కకుండా, మళ్ళీ అదే ఊరి ఆటో ఎక్కాను.

చీకటి పడ్డాక వాడలో ఇంటింటికీ తిరిగాను. ఆ సమావేశం చెల్లదు, ఆడవాళ్ళు లేకుండా తేల్చింది తేల్చినట్టు కాదు, మళ్ళీ పెడదాం, మీరు చేల నుంచి వచ్చి చేతులు కడుక్కున్నాక పెడదాం అని చెప్పాను. కొందరు నవ్వారు. గింత పొట్టిదానివి, గంత నోరెక్కడిది నీకు అని ఒకామె నా గడ్డం పట్టుకుంది. వస్తామని మాత్రం అన్నారు. సారును అడగలేదు, అడిగితే వద్దంటాడు. రైతుల దిక్కు పెద్దలకు కూడా కబురు పెట్టాను. ఆమె అందరి ముందూ తప్పు ఒప్పుకోవడానికి వస్తుందని వాళ్ళు అనుకున్నారు. అనుకోనిచ్చాను.

మర్నాడు పొద్దు గూకే వేళకు వాడ ఆడవాళ్ళంతా వచ్చి పంచాయతీ ఆఫీసు ముందు నేల మీద కూర్చున్నారు. ఎంత కడిగినా వేళ్ళకు పుప్పొడి పసుపు పోలేదు. టెంటు లేదు, చాయ లేదు. ముసలామె వచ్చి కుర్చీలో కూర్చుంది. ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, సారు కూడా జీపు దిగాడు. అప్పుడు నన్ను చూసిన చూపుకు నేను తల దించుకోలేదు.

ఊరి పెద్ద ఒకాయన, ఒక్క మాట అను, రేపే పనికి రా అన్నాడు. ఆమె లేచి కొంగు సర్దుకుంది. తల వంచే ఉంది. అంటుందనుకున్నాను. అన్నా ఆమెను ఏమీ అనే హక్కు అక్కడ ఎవరికీ లేదు.

"దూపయింది. తాగిన" అంది, నేల వైపే చూస్తూ. తర్వాత తలెత్తింది. "రేపు గూడ దూపయితది. ఇయ్యాల తప్పయిందంటే రేపు మల్ల తప్పే చెయ్యాలె. గందుకే అంటలేను."

పెద్దాయన, అయితే పని సంగతి మర్చిపొమ్మన్నాడు. సారు లేచి, అమ్మా ఒకసారి ఆలోచించండి అని మొదలుపెట్టి, నచ్చజెప్పమన్నట్టు నా వైపు చూశాడు. ఆలోచించే చెప్పింది సార్ అన్నాను. గట్టిగానే అన్నాను. అప్పుడు వెనక నుంచి ఒక ఆడగొంతు, ఆమెను పిలవకుంటే మేం గూడ రాము అంది. ఒకరి తర్వాత ఒకరు లేచి, కొంగులు దులుపుకొని వాడ దిక్కు నడిచారు. వాడ మగవాళ్ళు వాళ్ళ వెంట లేవలేదు. ఆపనూ లేదు, అదే నయం.

మర్నాడు పొద్దున చేలల్లో పువ్వు రుద్దడానికి చేతులు చాలలేదు. రైతులు మొదట లెక్కచేయలేదు. రాయచూరు దిక్కు నుంచి కూలీలను తెచ్చుకుంటామన్నారు, ఫోన్లు చేశారు. అక్కడా అదే కాలం, అదే పని, ఎవరి చేతులూ ఖాళీ లేవు. ఇళ్ళలోవాళ్ళంతా చేలల్లోకి దిగి రుద్దగలిగినంత రుద్దారు. మిగతా పూలు ఎర్రబడ్డాయి. ఆ తర్వాతి పొద్దుకు ఇంకా ఎర్రబడ్డాయి. రోడ్డు మీద నిలబడి ఆ సాళ్ళను చూసి నేను సంతోషించాను. ఆ కౌలు రైతుదీ గట్టి బతుకేమీ కాదని తెలుసు. తెలిసీ సంతోషించాను.

వాడలోనూ తేలిక కాలేదు. కూలీ పోతోందని మొగుళ్ళు తిట్టారు. ఒకడైతే పెండ్లాన్ని కొట్టాడు. ఆమె మర్నాడు కమిలిన దవడ అందరికీ కనపడేట్టు కొంగు తీసేసి మరీ వాడంతా తిరిగింది. అడిగినవాళ్ళకు మొగుడి పేరు, కారణం రెండూ చెప్పింది. వాడు ఆ పూట ఇంటి నుంచి బయటికి రాలేదు.

చివరకు ఆ కౌలు రైతే బండి మీద వాడకు వచ్చాడు. దిగలేదు, ఇంజను ఆపలేదు. ఆమె ఇంటి ముందు ఆగి, పొద్దుగాల రాండ్రి అన్నాడు. ఎవరెవరని ఆమె అడిగింది. అందరూ అన్నాడు. మరి నీళ్ళో అంది. ఆయన బండి అద్దంలోకి చూస్తూ, "ఎవ్వల దూపకు వాళ్ళు ముంచుకుంటరు తియ్యి" అని తిప్పుకొని పోయాడు.

ఊళ్ళో రాజీ కుదిరిందని సారు పైవాళ్ళకు చెప్పాడు. రాజీ ఎక్కడిది సార్, ఆమె గెలిచింది అన్నాను. నెలాఖరుకు నా కాంట్రాక్టు పొడిగించలేదు. ఇప్పుడు అదే దిక్కు ఊళ్ళలో చిన్న మహిళా సంఘంతో పనిచేస్తున్నాను. జీపు లేదు, జీతం తక్కువ. సమావేశం ఎప్పుడు పెట్టాలో ముందు ఆడవాళ్ళనే అడుగుతాను. నాన్న ఇంకా కోచింగ్ మాట ఎత్తుతూనే ఉన్నాడు. నేను ఇంకా కొట్లాడుతూనే ఉన్నాను.

ఆ ఊళ్ళో ఆడవాళ్ళు మళ్ళీ పనికి పోయిన పొద్దున నేనూ ఆ చేను దగ్గరికి వెళ్ళాను. ముసలామె గట్టు మీదే ఉంది, బకెట్టు పక్కనే. ఆడవాళ్ళు సాళ్ళలో పువ్వు రుద్దుతున్నారు, కళ్ళు మాత్రం అందరివీ గట్టు మీదే. ఎండ కాస్త ఎక్కాక ఆమె వచ్చింది. మూత తీసింది, గ్లాసు ముంచింది, తొందర లేకుండా తాగింది. ముసలామె కదలలేదు. ఆమె మళ్ళీ ముంచింది. నిండు గ్లాసు ముసలామె వైపు చాపింది.

"తాగు పెద్దమ్మా. ఎండ గట్టిగున్నది" అంది.

సాళ్ళలో చేతులన్నీ ఆగిపోయాయి. ముసలామె కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముసలామె గ్లాసు వైపు చూసింది, ఆమె మొహం వైపు చూసింది, చేయి మాత్రం చాపలేదు. గ్లాసు చాపిన చేయి అట్లాగే ఉంది. చివరకు ముసలామే మొహం పక్కకు తిప్పుకుంది.

"దూప లేదా? లేకుంటె లేదు తియ్యి. నాకైతే ఇంక ఉన్నది" అని, ఆమె అక్కడే, అందరూ చూస్తుండగా, ఆ గ్లాసు కూడా ఎత్తి తాగేసింది.